పక్క సీటులో కూర్చున్నవాళ్ళు

డార్లీన్ పాలు తెస్తానని బయల్దేరింది, అదీ ఒరెస్ట్ బండిలో, ముందు సీట్లో కూర్చుని.

వెర్నాకు మొదట నవ్వొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె చెల్లెలు డార్లీన్ ఒరెస్ట్ నడిపే ఏ బండీ ఎక్కలేదు. ఎప్పుడో ఒక పెళ్ళికి వెళ్తుంటే అతను మలుపు తిప్పిన తిప్పుడికి ఆమె ఒళ్ళో పెట్టుకున్న కేకు ఎగిరి ముందు అద్దానికి అంటుకుపోయింది. ఆనాటి నుంచి "మీ ఆయన బండిలో శవపేటికలో పడుకుని వెళ్తానేమో గానీ కూర్చుని మాత్రం వెళ్ళను" అని అందరి ముందూ అనేది. అలాంటి మనిషి ఇవాళ పొద్దున్నే జుట్టు దువ్వుకుని, సంచీ భుజాన వేసుకుని, "ఒరెస్ట్, కొట్టు దాకా తీసుకెళ్ళవా? పాలు అయిపోయాయి" అంది.

బండి వీధి చివర మలుపు తిరిగేదాకా వెర్నా వంటింటి కిటికీలోంచి చూసింది. తర్వాత కాఫీలోకి పాలచుక్క ఏమన్నా మిగిలి ఉంటే పోసుకుందామని ఫ్రిజ్ తెరిచింది. లోపల నాలుగేసి లీటర్ల పాల డబ్బాలు రెండున్నాయి. ఒకదాని మూత కూడా తీయలేదు.

ఆమె మొహంలో నవ్వు పోయింది.

మూస్‌జాలో చెల్లెలి ఇల్లు వాళ్ళ వేసవి ప్రయాణంలో మొదటి మజిలీ. ఏటా జూన్ ఆఖరున యార్క్‌టన్‌లో ఇంటికి తాళం వేసి, పక్కింటావిడకి టమాటా మొక్కలు అప్పజెప్పి, మొగుడూ పెళ్ళాలిద్దరూ పడమటికి బయల్దేరేవాళ్ళు. మంచం, పొయ్యి, చిన్న బాత్‌రూము అన్నీ ఉన్న మోటర్‌హోమ్ అది. వాళ్ళు దాన్ని ఇంటిబండి అనేవాళ్ళు. చుట్టాల వాకిళ్ళలో, స్నేహితుల పెరళ్ళలో ఆపుకుంటూ పర్వతాలు దాటి ఓసోయూస్ దాకా వెళ్ళి, ఆగస్టు చివరికి ఇల్లు చేరేవాళ్ళు. ఇది ఆరో ఏడు. వెర్నా పోస్టాఫీసు కౌంటర్లో ఇరవయ్యారేళ్ళు చేసింది. ఒరెస్ట్ ముప్పై నాలుగేళ్ళు జిల్లా కంకరరోడ్లను చదును చేసే పెద్ద గ్రేడరు యంత్రం నడిపాడు. ఆ చుట్టుపక్కల అతని చక్రం కింద పడని రోడ్డు లేదు.

అయితే రెండేళ్ళ కిందట, ఒక సాయంత్రం, అలా తాను స్వయంగా చదును చేసిన రోడ్డు మలుపే దాటేసి ముందుకెళ్ళిపోయాడు ఒరెస్ట్. బోర్డు అంత పెద్దది అక్కడే ఉంది. వెర్నా అతని వైపు చూసింది. అతను కళ్ళు చికిలించి, ఆ బోర్డు వైపు కాకుండా దాని పక్కకి చూస్తున్నాడు. చూపుకి సరిగ్గా మధ్యలో ఏదో మచ్చ అడ్డం పడితే మనిషి అలాగే చూస్తాడు. ఆ తర్వాత ఒకరోజు కళ్ళ డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళొచ్చి, "వయసు వల్లేనంది" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. ఆమె అడగలేదు. మర్నాటి నుంచి బండిలో పక్కన కూర్చుని, పొద్దు పోక చదువుతున్నట్టు బోర్డులన్నీ పైకి చదవడం మొదలుపెట్టింది. "ఎనభై అట." "ముందు వంతెన పని జరుగుతోందట." "ఎడమ పక్క గట్టు మీద లేడి చూడు, ఎంత బాగుందో." ఒరెస్ట్ ఊఁ కొట్టేవాడు, కాలు తీసి బ్రేకు మీద వేసేవాడు. ఇది తన నోటి దురదనే అతను అనుకుంటున్నాడని వెర్నా నమ్మకం. ఈ సంగతి కూతురితో సహా ఎవరికీ చెప్పలేదు.

కొట్టు నాలుగు వీధుల అవతల. వాళ్ళు తిరిగి రావడానికి యాభై నిమిషాలు పట్టింది. డార్లీన్ చేతిలో పాలడబ్బా లేదు, చిన్న రొట్టె పాకెట్టుంది.

"పాలేవి?" అంది వెర్నా.

"ఇంట్లో ఉన్నాయని గుర్తొచ్చింది" అంది డార్లీన్. ఆమె మొహం పాలిపోయి ఉంది. కుర్చీలో కూర్చుని రెండు గుక్కలు నీళ్ళు తాగింది. ఒరెస్ట్ వాకిట్లోనే నిలబడి చక్రాలకేసి చూస్తున్నాడు.

"అంత భయపడేట్టు నడిపాడా?"

"అబ్బే, మెల్లిగానే నడిపాడు" అని డార్లీన్ రొట్టె పాకెట్టు విప్పుతూ, ఏమీ కానట్టు అడిగింది, "ఒరెస్ట్ ఈ మధ్య పేపరు చదువుతున్నాడా?"

"రోజూ. చిన్న ప్రకటనల దాకా వదలడు" అంది వెర్నా. పేపరు రోజూ పట్టుకుంటాడు, నిజమే. పేజీ తిప్పడమే మానేశాడు.

ఆ మధ్యాహ్నం ఇంటిబండిలో పక్కబట్టలు దులుపుతూ వెర్నా ఆలోచించింది. వీళ్ళిద్దరికీ తనకి చెప్పకుండా చెప్పుకునే మాటలేమున్నాయి? నలభయ్యారేళ్ళ కిందట ఊళ్ళో డ్యాన్సు జరిగినప్పుడు ఒరెస్ట్ మొదట చెయ్యి చాచింది డార్లీన్‌కే. కాలు నొప్పని ఆవిడ రానంటేనే వెర్నా దగ్గరికొచ్చాడు. ఆ సంగతి మీద ముగ్గురూ ఎన్నోసార్లు నవ్వుకున్నారు. ఇప్పుడు డెబ్భై దాటాక దాన్ని తలుచుకుని అనుమానపడటం సిగ్గుచేటనిపించింది. అయినా తలుచుకుంది. డాక్టరు అసలేం చెప్పిందో డార్లీన్‌తో చెప్పాడా? వయసు కాదా అది, ఇంకేదన్నా పెద్ద జబ్బా? తనకి చెప్పలేక చెల్లెలికి చెప్పాడా?

మర్నాడు మెడిసిన్‌హాట్ దారిలో గాలి మహా జోరుగా కొట్టింది. గల్‌లేక్ దగ్గర బండి ఊగిపోతుంటే వెర్నా రెండు చేతులా సీటు పట్టుకుంది. ఒరెస్ట్ పక్కకి తీసి అరగంట ఆపాడు. సాయంత్రానికి గార్నెట్ ఇంటికి చేరారు. గార్నెట్ ఒరెస్ట్‌తో పాటు గ్రేడరు నడిపినవాడు, భార్య పోయాక కూతురి దగ్గరగా ఉంటుందని ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. గేటు తీస్తూ అతనన్న మొదటి మాట, "గల్‌లేక్ దగ్గర బండి ఊగిందటగా?"

వెర్నా దిగబోతూ మెట్టు మీదే ఆగిపోయింది. దారిలో తను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. తను బాత్‌రూముకి వెళ్ళిన ఆ కాసేపట్లో ఒరెస్ట్ చేసి ఉండాలి.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పక్కర్లేదు వెర్నా, అక్కడ ఎప్పుడూ గాలేగా" అన్నాడు గార్నెట్. అతనికి అబద్ధం చేతకాదు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

పొద్దున గార్నెట్ తనకి గ్యాస్ సిలిండరు నింపించుకోవాలన్నాడు. వాకిట్లో అతని సొంత పికప్ ట్రక్కు నిగనిగలాడుతూ నిలబడి ఉంది. అయినా ఇద్దరూ ఇంటిబండెక్కారు. వెర్నా కాఫీ కప్పు పట్టుకుని వెనకే వెళ్ళింది.

"నేనూ వస్తాను. ఊరు చూసినట్టుంటుంది."

"వద్దు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "వేడిగా ఉంటుంది, నువ్వు కూర్చో" అన్నాడు ఒరెస్ట్.

జూలైలో పొద్దున ఎనిమిదింటికి వేడేమిటో ఆమెకి అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఒరెస్ట్ గార్నెట్ ఇంట్లో స్నానానికి వెళ్ళినప్పుడు వెర్నా అతని ఫోన్ తీసింది. పెళ్ళయ్యాక అతని వస్తువు చాటుగా ముట్టుకోవడం ఇదే మొదటిసారి. ఇరవయ్యారేళ్ళు జనం ఉత్తరాలు చేత్తో పట్టుకుని ఒక్క కవరు కూడా వెలుతురుకేసి ఎత్తి చూడని మనిషి ఆమె. మే నెల నుంచి ఇప్పటికి డార్లీన్‌తో పదకొండుసార్లు మాట్లాడాడు. ఒక్కొక్కటీ ఐదు నిమిషాలు, పది నిమిషాలు. సొంత అన్నదమ్ములతో కూడా క్రిస్మస్‌కి తప్ప మాట్లాడడు అతను.

ఫోన్ ఉన్నచోటే పెట్టేసి, ఆమె పొయ్యి దగ్గరికెళ్ళి ఏమీ లేని గిన్నెను గరిటెతో కలిపింది.

రాత్రంతా ఒకటికి పది రకాలుగా ఊహించుకుంది. జబ్బు. ఇల్లు అమ్మెయ్యడం. తనని కూతురి దగ్గర దించేసి వెళ్ళిపోవడం. తెల్లారేసరికి ఒక నిర్ణయానికొచ్చింది. పోస్టాఫీసులో ఒకసారి పార్సిళ్ళు మాయమవుతుంటే, ఏ చేతిలో పోతున్నాయో కనుక్కోవడానికి ఒక ఖాళీ పెట్టెకి గుర్తుపెట్టి పంపిన సంగతి ఆమెకి గుర్తొచ్చింది. ఇక్కడా అదే చేసింది. టేబర్‌లో పెట్రోలు కోసం ఆగినప్పుడు, ఒరెస్ట్ లోపలికి వెళ్ళాక, డార్లీన్‌కి ఫోన్ చేసింది.

"చెప్పకూడదు గానీ చెప్తున్నా" అంది గొంతు తగ్గించి. "ఒరెస్ట్ ఇప్పుడే ఇక్కడ బంకులో స్తంభానికి గీరేశాడు. కుడిపక్క రేకు పొడుగునా గీత పడింది. ఎవరికీ చెప్పకు. పాపం, చిన్నబుచ్చుకుంటాడు."

"నువ్వు పక్కనే ఉన్నావా?" అంది డార్లీన్.

"ఉన్నా."

"నువ్వుండగానే గీరాడా?"

ఆ ప్రశ్న వెర్నాకు వింతగా తోచింది. దెబ్బలు తగిలాయా అని అడగాల్సిన మనిషి ఇదేం అడగడం? కానీ ఒరెస్ట్ వస్తున్నాడు, ఫోన్ పెట్టేసింది. బండి రేకు మీద గీత కాదు కదా, ఆ రోజు దుమ్ము కూడా లేదు.

పింఛర్‌క్రీక్‌లో ఒరెస్ట్ పినతండ్రి కొడుకు నెస్టర్ ఉంటాడు. గాలిమరల కింద పశువుల దొడ్డి. వాళ్ళు బండి దిగీ దిగగానే నెస్టర్ భార్య ఐరీన్ వెర్నాను కౌగిలించుకుంది. క్యాబేజీ ఆకుల్లో బియ్యం, మాంసం చుట్టి ఉడికించిన వాసన వంటింట్లోంచి వస్తోంది. నెస్టర్ మాత్రం ఎవర్నీ కౌగిలించుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పశువుల సంతలో ఆవుని చూసినట్టు ఇంటిబండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. కుడిపక్కకొచ్చి వంగాడు. అరచేత్తో రేకు పొడుగునా తడిమాడు. మళ్ళీ ఇంకో చుట్టు తిరిగాడు.

"ఏం వెతుకుతున్నావు నెస్టర్?" అంది వెర్నా.

"ఏం లేదు. శుభ్రంగా పెట్టుకున్నారు బండిని" అన్నాడు.

అయితే డార్లీన్ దగ్గర మొదలైన మాట నెస్టర్ దాకా చేరింది. మధ్యాహ్నం రెండింటికి ఆడిన అబద్ధం ఐదింటికి ఇక్కడికొచ్చేసింది. ఇక వీళ్ళందరూ ఒకటే. ఆ సాయంత్రం ఐరీన్ వడ్డించింది తింటూ వెర్నా బల్ల చుట్టూ ఒక్కొక్క మొహమే చూసింది. అందరూ ఆమెతో ప్రేమగా మాట్లాడుతున్నారు. ఆ ప్రేమ చూస్తేనే ఆమెకి ఒళ్ళు మండింది. ఒరెస్ట్ ఒక్కడే తలెత్తలేదు. మీగడ గిన్నె అందుకోబోయి దాని పక్కన బల్లను తడిమాడు.

పొద్దున నెస్టర్‌కి బోల్టులు కావాల్సి వచ్చాయి. ఈసారి వెర్నా వస్తానని అడగలేదు. వాళ్ళు వెళ్ళిన గంటకి తిరిగొచ్చారు. నెస్టర్ దిగి, ఒరెస్ట్ భుజం మీద చెయ్యి వేసి, ఏమీ మాట్లాడకుండా దొడ్లోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి అక్కణ్ణుంచి బయల్దేరారు. కూతురు కోరిన్ ఉండే క్రెస్టన్‌కి నాలుగు గంటల దారి. కొండలు దగ్గరయ్యాయి. ఫ్రాంక్ అనే ఊరి దగ్గర, ఎప్పుడో నూరేళ్ళ కిందట కొండ విరిగిపడిన చోట, రోడ్డుకి రెండు వైపులా ఇళ్ళంతేసి రాళ్ళు పడి ఉంటాయి. వెర్నా అలవాటుగా చదివింది, "అరవై అట ఇక్కడ."

ఒరెస్ట్ వేగం తగ్గించాడు. తగ్గించి, దారి మీద నుంచి చూపు తిప్పకుండా అడిగాడు. "స్తంభానికి ఎప్పుడు గీరాను వెర్నా?"

వెర్నా సీటు బెల్టు సర్దుకుంది.

"ఏ స్తంభం?"

"టేబర్లో. నేను లోపలికెళ్ళి వచ్చేలోపు బండి దానంతటదే వెళ్ళి గీరుకుందా?"

"ముందు కుడిపక్క ఖాళీ జాగా ఉంది. ఆపు."

ఆపాడు. ఇద్దరూ ముందు అద్దంలోంచి రాళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. "ఆ మాట నేను డార్లీన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు" అంది వెర్నా. "అబద్ధమే చెప్పాను. అది ఎక్కడ తేలుతుందో చూద్దామని చెప్పాను. నెస్టర్ దగ్గర తేలింది. నీ దగ్గర కూడా తేలింది. ఇప్పుడు చెప్పు. మా చెల్లెలితో పదకొండుసార్లు ఏం మాట్లాడావు?"

"నా ఫోన్ చూశావా?"

"చూశాను. నీకేమైంది ఒరెస్ట్? చచ్చిపోతున్నావా?"

అతను ఆమె వైపు తిరిగాడు. సూటిగా కాదు, కొంచెం పక్కకి చూస్తూ. "అబ్బే. అంత పెద్దదేం కాదు" అని, "నా కళ్ళ సంగతే" అన్నాడు.

మెల్లిగా చెప్పాడు. రెండు కళ్ళలోనూ చూపు మధ్యలో మచ్చ పెరుగుతోందని డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పింది. మొన్న ఏప్రిల్ ఆఖరున ఒక పొద్దున వెర్నా లేకుండా ఒక్కడే విత్తనాల కొట్టుకి బయల్దేరి, ఎర్రలైటు దాటి వెళ్ళిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి కారు షెడ్డులో పెట్టి, గంటసేపు అందులోనే కూర్చున్నాడు. వారం తర్వాత డార్లీన్‌కి ఫోన్ చేశాడు.

"ఆవిడకే ఎందుకు?"

"నా నడపడం గురించి మొహం మీద చెప్పే మనిషి ఆవిడొక్కతే కాబట్టి. వేసవిలో వస్తాం, నా పక్కన కూర్చుని చూసి నిజం చెప్పమన్నాను. ఒక్క మనిషి మాట చాలదంది. గార్నెట్‌కి, నెస్టర్‌కి, కోరిన్‌కి తనే చెప్పింది. నువ్వు మాత్రం బండిలో ఉండకూడదన్నాను."

"నేనెందుకు ఉండకూడదు?"

"నువ్వు ఉంటే నేను బాగా నడుపుతాను వెర్నా. అది నేను నడపడం కాదు."

ఆమె మళ్ళీ రాళ్ళకేసి తిరిగింది.

"ఇరవయ్యారేళ్ళు పోస్టాఫీసులో కూర్చుని ఎవరి గుట్టూ నోరు జారనిదానివి" అన్నాడు ఒరెస్ట్. "ఉన్నట్టుండి ఒకరోజు నుంచి తోవలో బోర్డులన్నీ పైకి చదువుతుంటే నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే నన్నే అడగొచ్చుగా. ఊరూరా తిరిగి మనవాళ్ళ చేత పరీక్ష చేయించుకోవడం దేనికి?"

"నిన్నడిగితే ఏమంటావు?"

వెర్నాకు ఆ జవాబు తెలుసు. బాగానే నడుపుతున్నావు అనేది. రెండేళ్ళుగా అదే అంటోంది. అతన్ని కాపాడుతున్నానని అనుకుంది. నిజానికి ఆమెకి ఈ తిరుగుడు కావాలి. వేసవి వస్తే యార్క్‌టన్ దాటాలి, ఐరీన్ వంట తినాలి, కూతురి తోటలో చెర్రీలు కొయ్యాలి. కారైతే నడుపుతుంది గానీ ఈ బండి నడపడం తన వల్ల కాదు. అతను ఆపేస్తే ఇదంతా ఆగిపోతుంది. అందుకే చదివింది బోర్డులు. ఆ ముక్క తనకి తను చెప్పుకోవడం కూడా ఇదే మొదటిసారి.

"వాళ్ళేమన్నారు?" అంది చివరికి.

"గార్నెట్ బాగానే ఉందన్నాడు. వాడు స్నేహం కొద్దీ అన్నాడు. నెస్టర్ ఇవాళ ఏమీ అనలేదు. డార్లీన్ అయితే ఊళ్ళో రెండు మలుపులయ్యాక ప్రార్థన మొదలుపెట్టింది, వినిపించేట్టు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అక్కణ్ణుంచి కూతురి ఇంటికి ఇంకా మూడు గంటల దారి ఉంది, వేరే మార్గం లేదు. అతను బండి తీశాడు, ఆమె చదివింది. ఇప్పుడు పొద్దు పోక చదివినట్టు నటించాల్సిన పని లేదు. "యాభై. పాదచారులు. కుడిపక్క లారీ కలుస్తోంది, ఆగు. వెళ్ళు." గొంతు ఎండిపోయింది. ఇంతకాలం కబుర్లలా సాగింది ఇవాళ చాకిరీలా ఉంది. ఒక్క బోర్డు వదిలితే ఏమవుతుందో తెలిసి చదవడం ఇదే మొదలు.

క్రెస్టన్‌లో కోరిన్ వాకిట్లోకొచ్చి ఎదురుచూస్తోంది. వెర్నా దిగుతూనే అడిగింది, "నీకెప్పట్నుంచి తెలుసు?"

కోరిన్ తండ్రి వైపు చూసింది. అతను తలూపాడు. "మే నుంచి అమ్మా."

"నాకు చెప్పొద్దన్నది మీ నాన్నేనా?"

"కాదు. పిన్నీ, నేనూ. నాన్న చెప్పేద్దామన్నాడు." కోరిన్ చేతులు నలుపుకుంది. "నీకు తెలిస్తే నాన్న పరీక్ష నువ్వే రాసేస్తావు అమ్మా. రోడ్లన్నీ ముందే నేర్పించేస్తావు. నాన్న కోసం నువ్వెంత అబద్ధమైనా ఆడతావని అందరికీ తెలుసు."

అందరికీ తెలుసు. ఆ మాట వెర్నా గుండెల్లో ముల్లులా దిగింది. గార్నెట్ గురించి, నెస్టర్ గురించి, చెల్లెలి గురించి ఇన్ని రోజులు తను అనుమానపడింది. అంతకాలమూ వాళ్ళందరూ తననే అనుమానిస్తున్నారు. పైగా వాళ్ళ అనుమానమే నిజం. ఆమె లోపలికెళ్ళి మొహం కడుక్కుని, కూతురు పెట్టిన చెర్రీల గిన్నె ముందు కూర్చుంది గానీ ఒక్కటీ తినలేదు.

మర్నాడు కోరిన్ తన వంతు వచ్చిందని తాళాలు తెచ్చింది. ఒరెస్ట్ తాళాలు తీసుకున్నాడు గానీ, "నువ్వొద్దు" అన్నాడు. "మీ అమ్మ వస్తుంది." వెర్నా వైపు తిరిగి, "నోరు విప్పకూడదు. ఎదర మనిషి గానీ బండి గానీ ఉంటే తప్ప. హైవే దాకా కూడా వద్దు, ఆ పొలాల దారి చాలు" అన్నాడు.

కోరిన్ ఇంటి ముందు నుంచి పొలాల మధ్య తిన్నగా కంకరదారి పోతుంది. పొద్దున ఏడింటికి దాని మీద పిట్ట కూడా లేదు. ఒరెస్ట్ ఇరవై మీద నడిపాడు. వెర్నా రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. మొదటి కిలోమీటరు బండి గీత గీసినట్టు నడిచింది. కంకర మీద చక్రం పట్టు అతని అరచేతులకి తెలుసు. పొలంలో నీళ్ళ పైపుల వరస దాటింది. ఎడమ పక్క గట్టు మీద కొంగ ఉంది. చెప్పలేదు. దూరంగా పసుపు బోర్డు మీద నల్లటి బాణం, దారి అక్కడ ఎడమకి తిరుగుతుంది. తిన్నగా పోతే కాలవ. ఆమె పెదవి కొరుక్కుంది.

బండి ఇరవై నుంచి పదిహేనుకి వచ్చింది. పదికి వచ్చింది. అతని మెడ ఒక పక్కకి వంగింది, మళ్ళీ ఇంకో పక్కకి వంగింది. బోర్డుకి నలభై అడుగుల ఇవతల ఆగిపోయింది.

"ఇక్కడేదో ఉంది" అన్నాడు. "ఏంటో తెలీడం లేదు."

"బోర్డు. ఎడమకి మలుపు."

"పసుపా?"

"పసుపే."

ఒరెస్ట్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "ఇలాంటివి మూడొందలు పాతించి ఉంటాను నేను" అన్నాడు. ఇంజను ఆపి, దిగి, బండి ముక్కు మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగొచ్చి ఆమె వైపు తలుపు తీశాడు. తాళాలు ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నా వల్ల కాదు ఒరెస్ట్. అది ఏనుగంతుంది."

"గ్రేడరు ఎక్కిన మొదటి రోజు నేనూ అదే అన్నాను. జరుగు."

"ఎటు జరగను, మధ్యలో గేరు పెట్టె ఉంది."

"అయితే దిగి తిరిగి రా. ఎవరన్నా చూస్తే మనిద్దరికీ మతి పోయిందనుకుంటారు."

ఆమె దిగింది, తిరిగొచ్చింది, సీటు ముందుకి లాక్కుంది. పాదం బ్రేకు అందుకోవడానికి అంచున కూర్చోవాల్సి వచ్చింది. మూడు రోజులు ఆ పొలాల దారి మీదే అటూ ఇటూ తిప్పాడు ఆమెని. వెనక్కి తీయడం నేర్పడానికి కోరిన్ చెర్రీ బుట్టలు పేర్చి పెట్టింది. వెర్నా మొదటి రోజు తొమ్మిది బుట్టలు తొక్కింది, మూడో రోజు ఒకటి. ఆ మూడు రోజుల్లో ఇద్దరూ నాలుగైదుసార్లు గట్టిగా పోట్లాడుకున్నారు. ఒకసారి ఆమె బండి దారి మధ్యలో వదిలేసి ఇంటికి నడిచొచ్చేసింది. అతను దాన్ని తీసుకురాలేదు, ముట్టుకోలేదు. అక్కడే బండి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. గంట పోయాక ఆమే తిరిగెళ్ళి తెచ్చింది.

నాలుగో రోజు కూటనే కనుమ ఎక్కారు. బయల్దేరే ముందు కోరిన్ ఇక ఇంటికి తిరిగి వెళ్ళిపొమ్మంది. వెర్నా ఓసోయూస్‌లో పాత పొరుగువాళ్ళు హ్యూ, లెనోర్ ఎదురుచూస్తుంటారంది. ఎత్తు మొదలయ్యాక ఆమె వీపు తడిసిపోయింది. వెనకాల కార్లు పదో పన్నెండో బారులు తీరాయి. ఒకడు హారన్ కొట్టాడు.

"కొట్టుకోనీ" అన్నాడు ఒరెస్ట్. "వాడికి తొందరైతే నిన్న బయల్దేరాల్సింది. గేరు దించు, ఇంజను ఏడుస్తోంది. విను."

ఆమె దించింది. ఇంజను ఏడుపు మానింది. దిగుడులో బ్రేకు వాసన వస్తోందని పక్కకి తీయించాడు. ఎక్కడ లోయ ఉందో అడగలేదు, ఆమె చెప్పలేదు. ఓసోయూస్ చేరేసరికి రెండు రోజులు పట్టింది. అతనైతే అయిదు గంటల్లో పోయేవాడు. హ్యూ వాకిట్లో బండి పెడుతూ వెర్నా వాళ్ళ గులాబీ మొక్కనొకదాన్ని తొక్కేసింది. లెనోర్ ఏమీ అనలేదు గానీ ఆ వారమంతా ఆ మొక్క దగ్గరికెళ్ళి నిలబడుతూ వచ్చింది.

సెప్టెంబరు రెండో వారానికి ఇల్లు చేరారు. ఆ శుక్రవారమే ఒరెస్ట్ లైసెన్సు ఆఫీసుకి వెళ్ళి కార్డు ఇచ్చేశాడు. వెర్నా బయట కారులో కూర్చుంది. ఆ తర్వాత పది రోజులు ఇంట్లో అతని గొంతు వినిపించలేదు. డార్లీన్ నాలుగుసార్లు ఫోన్ చేసినా వెర్నా తీయలేదు, ఐదోసారి తీసింది.

"ఇంకా కోపమేనా?" అంది డార్లీన్.

"కోపమే."

"ఎన్నాళ్ళుంటుంది?"

"క్రిస్మస్ దాకా ఉంచుకుందామనుకుంటున్నా" అంది వెర్నా. తర్వాత గంటసేపు మాట్లాడుకున్నారు.

అక్టోబరులో ఒరెస్ట్ పొద్దున టిఫిన్ అవగానే కోటు తొడుక్కుని నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. రెండు గంటలు గడిస్తే గానీ తిరిగి రాడు. ఎక్కడికో చెప్పడు. మొదటి రోజు వెర్నా కిటికీలోంచి చూసింది. రెండో రోజు అతను ఏ వైపు తిరిగాడో చూసింది. మూడో రోజు కోటు తొడుక్కుని వెనకాలే వెళ్దామని తలుపు దాకా వచ్చింది. అక్కడ ఆగి, కోటు విప్పి మళ్ళీ తగిలించేసింది. అతను తిరిగొచ్చి బూట్లు విప్పుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"రోజూ ఎక్కడికెళ్తున్నావు?"

"యార్డుకి. గ్రేడర్లు పెట్టే చోటుకి. మెకానిక్కులతో కాసేపు కూర్చుంటాను."

"చెప్పొచ్చుగా నాకు."

"నువ్వు అడగలేదుగా" అన్నాడు ఒరెస్ట్. బూట్లు గోడ వారగా పెట్టి, కాఫీ ఉందా అన్నాడు.